కాగితం మీద అయిదు, బోరు దగ్గర ఏడున్నర

పట్టాలు అందుకున్న యువ ఇంజనీర్లకు అభినందనలు.

స్నాతకోత్సవంలో సాధారణంగా విజయాల గురించి చెబుతారు. నేను కాల్చిన ఒక ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెబుతాను.

నేను అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక మెట్ట ఊళ్ళో పది బోర్లకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. రికార్డులో అన్నీ 5 హెచ్‌పీ మోటార్లే. 63 కేవీఏ సరిపోతుందని లెక్క తేల్చి సంతకం పెట్టాను. వేరుశనగ ఊడలు దిగే వేళకు అది కాలిపోయింది. చేలు వాడుతుంటే రైతులు వచ్చి సబ్‌స్టేషన్ ముందు కూర్చున్నారు. మా లైన్‌మన్ నన్ను పక్కకు పిలిచి, "సార్, కాగితం మీద అయిదు, బోరు దగ్గర ఏడున్నర" అన్నాడు. నీళ్ళు లోతుకు పోయేకొద్దీ రైతులు పెద్ద మోటార్లు దించుకున్నారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నా లెక్కకే తెలియదు.

అప్పుడు నాకు లేని సాధనం ఇప్పుడు మీకుంది. దాని పేరు డిజిటల్ ట్విన్, మన మాటలో డిజిటల్ కవల. సబ్‌స్టేషన్, 11 కేవీ ఫీడర్, ట్రాన్స్‌ఫార్మర్, ఇంటి మీటరు, డాబా మీది సోలార్ ప్యానెళ్ళు, బ్యాటరీ, అన్నిటికీ కంప్యూటర్‌లో ప్రతిరూపం. మామూలు నమూనా గీసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. కవల మాత్రం మీటర్ల నుంచి, సెన్సర్ల నుంచి కబురు అందుకుంటూ అసలుతో పాటు మారుతుంది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు, నేల మీది సిమ్యులేటర్లలో ముందు ప్రయత్నించి చూసి వ్యోమగాములకు సూచనలు పంపారు. ఈ ఆలోచనకు అది తాతలాంటిది. తన జాతీయ గ్రిడ్‌కు కవలను తయారు చేస్తున్నట్టు సింగపూర్ 2021లో ప్రకటించింది.

మన వీధిలో దీంతో పనేమిటి? 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ళ డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు. ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ముప్పై ఇళ్ళవాళ్ళు మూడేసి కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టుకున్నారనుకోండి. మిట్టమధ్యాహ్నం ఇళ్ళల్లో వాడకం తక్కువ, ఎండ ఎక్కువ. పల్లానికి పారడానికి తవ్విన కాలవలో నీళ్ళు ఎదురెక్కినట్టు, కరెంటు ఇళ్ళ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు పోతుంది. లైను చివరింటి దగ్గర ఓల్టేజీ పెరుగుతుంది. హద్దు దాటగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ప్యానెళ్ళు ఖాళీగా కూర్చుంటాయి. రాత్రి ఏడింటికి ఎండ పోయి, వాడకం పెరిగి, అదే ఇంట్లో లైటు గుడ్డిదీపంలా వెలుగుతుంది.

మధ్యాహ్నం మిగులును రాత్రికి దాచడానికి బ్యాటరీ పెడదాం, సరే. ఎక్కడ? ట్రాన్స్‌ఫార్మర్ పక్కనైతే చోటు దొరుకుతుంది, కాపలా సులువు. కానీ కరెంటు ఆ తీగంతా దాటి వచ్చాకే బ్యాటరీని చేరుతుంది గనుక చివరింటి ఓల్టేజీ పెద్దగా తగ్గదు. అదే బ్యాటరీని లైను చివర పెడితే రోగం ఉన్నచోటే మందు పడుతుంది. అసలు ఊరి మంచినీళ్ళ ట్యాంకు మోటారును తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం వేస్తే ఎంత కలిసొస్తుంది? ఈ మూడు దారులనూ ఏడాది పొడవునా ఎండావానల్లో నడిపించి కవల మీకు ఒక్క పూటలో చూపగలదు.

నిల్వకు తరుగు ఉంటుందని మరవకండి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. అవి కరెంటు మిగిలినప్పుడు వెనక్కి తిరిగి నీళ్ళను పైకి తోడి, నిల్వ చేయగల రకం. ఇలాంటి పద్ధతిలో నూరు యూనిట్లు పెట్టి తోడితే తిరిగి దక్కేవి డెబ్బై అయిదో, ఎనభయ్యో. బ్యాటరీకీ దాని తరుగు ఉంటుంది; అది పోగా మిగిలేదెంతో కొనకముందే లెక్క చూసుకోవాలి.

ఇక జాగ్రత్త మాట. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో సావిత్రి గారు శశిరేఖగా నటించారు, శశిరేఖ రూపం దాల్చిన ఘటోత్కచుడిగానూ నటించారు. ముఖం అదే, నగలు అవే. నడకలో మాత్రం రాక్షసుడు బయటపడతాడు. కవల విషయంలోనూ చూడాల్సింది నడకే. నిన్న మధ్యాహ్నం చివరింటి ఓల్టేజీ ఎంతని అది చెప్పింది? మీటరు ఎంత చూపింది? రెండూ కలవకపోతే తెర మీది మ్యాపు ఎంత ముచ్చటగా ఉన్నా అది మాయాశశిరేఖే.

తేడా చాలాసార్లు చిన్నచోట దొరుకుతుంది. గాలివానకు ఒక ఫేజు పోయిన రాత్రి లైన్‌మన్ స్తంభమెక్కి ఓ ఇంటి సర్వీసు వైరును పక్క ఫేజుకు మార్చి ఉంటాడు. ఆ మార్పు ఏ సర్వర్‌కూ చేరదు. ఆ స్తంభం కిందికి వెళ్ళి అడిగినవాడికే తెలుస్తుంది.

అందుకే మీకు ఒక విన్నపం. తప్పులు ఎన్నైనా చేయండి, కంప్యూటర్‌లో చేయండి. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ వందసార్లు కాలినా ఒక్క చేను ఎండదు. ఆ తర్వాత, జవాబు కింద సంతకం పెట్టేముందు, లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని చివరి స్తంభం దాకా నడవండి. నేను ఆ రోజు నడవలేదు. మీరు నడవండి.