కాలి కింది రాయి, గదిలోని గాలి



కామాఠిపురా పేరులోనే మన పూర్వుల శ్రమ ఉంది. తెలుగునేల నుండి వచ్చిన కామాఠీలు ఈ నగరపు కట్టడాలకు రాయీ మన్నూ మోశారు. ఆ రాతిలోనే పుట్టి, కంటికి కనబడక, వాసనకు అందక ఇళ్లలో చేరే రాడాన్ అనే వాయువును గురించి నేడు మనవి చేస్తాను.

రాళ్లన్నింటిలోను యురేనియం కొద్దిగా ఉంటుంది. అది క్రమంగా క్షీణించి రేడియంగాను, రేడియం రాడాన్‌గాను మారుతుంది. రాడాన్ అర్ధాయువు 3.8 రోజులు మాత్రమే. ఆలోగా నేల సందుల గుండా పైకి రాగలిగినదే ఇంట చేరుతుంది. కనుక అడుగున ఏ రాయి ఉన్నదో, పైన ఏ మన్ను ఉన్నదో తెలియాలి.

ముంబయి అడుగున అధికభాగం సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు లావా గడ్డకట్టగా ఏర్పడిన బసాల్టు. దానిలో యురేనియం సాధారణంగా పది లక్షల భాగాలలో ఒక భాగానికి మించదు. తెలంగాణ గ్రానైటులో అంతకు అనేక రెట్లు ఉంటుంది. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టుల వద్ద యురేనియం నిక్షేపాలే ఉన్నాయి.

ఇక మన్ను. ఫిన్లాండు, స్వీడన్ దేశాలలో పూర్వం హిమానీనదాలు విడిచిన కంకర దిబ్బలు గుల్లగా ఉండటంచేత రాడాన్ సులభంగా పైకి వస్తుంది. కామాఠిపురా ఒకప్పుడు సముద్రపు పోటుకు మునిగిన పల్లపు నేల. తడిమట్టి సందులను నీరు మూసి, వాయువు గమనాన్ని మందగింపజేస్తుంది.

అయినా గాలి ఆడని గది ఎక్కడైనా ముప్పే. చాల్ పై అంతస్తులకు నేలవాయువు అంతగా చేరదు. కింది గదులవారు కిటికీలు తెరచి ఉంచాలి. ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగతాగుడు తరువాత ముఖ్యకారణం రాడానే. బీడీ తాగేవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. గదిలో ఘనపు మీటరుకు 100 బెకెరెల్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

మనలో అనేకులు ఇక్కడి కష్టార్జితంతో ఊరిలో, గ్రానైటు నేలపై, తల్లిదండ్రుల కోసం ఇల్లు కట్టిస్తున్నారు. దయచేసి గచ్చులోని బీటలను, గొట్టాల చుట్టూ సందులను సిమెంటుతో పూడ్పించండి. ప్రతి పడకగదికి ఎదురెదురుగా కిటికీలు పెట్టించండి. ఏసీ ఉన్న గదిని రోజూ కొంతసేపు తెరచి ఉంచమని ఇంట చెప్పండి. కట్టేటప్పుడు వీటికి అయ్యే ఖర్చు స్వల్పం.