ముందు అడుగుదాం, తర్వాత కడదాం
(ప్రసంగ పాఠం)

భోజనాల ముందు మాట్లాడమన్నారు కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. నేను వక్తను కాను. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్టువేరు. పదేళ్ళుగా మలేషియాలోని పెనాంగులో ఉంటున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నేనూ, మరో నలుగురు మిత్రులూ చందాలు వేసుకుని విజయవాడ దగ్గర మా ఊళ్ళో కంప్యూటరు శిక్షణ కేంద్రం పెట్టించాం. రిబ్బను కత్తిరించాం, ఫొటోలు దిగాం. రెండేళ్ళు తిరక్కుండానే దానికి తాళం పడింది. సర్టిఫికెట్లు పుచ్చుకున్న కుర్రాళ్ళలో ఉద్యోగం దొరికింది ఏ కొద్దిమందికో. ఆటోనగర్‌లో లేతు షాపు నడిపే మా బాబాయి దగ్గర ఆ సంగతి చెప్పి బాధపడ్డాను. ఆయన, "ఒరేయ్, సీఎన్‌సీ మిషను నడిపే కుర్రాడు దొరక్క నేను ఆర్డర్లు వదులుకుంటున్నాను. కేంద్రం పెట్టేముందు మాలో ఒక్కడినైనా అడిగారట్రా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

జవాబు మాత్రం పెనాంగులో నా కళ్ళ ముందే ఉంది. బయాన్ లెపాస్ పారిశ్రామికవాడలో పెనాంగ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ సెంటర్ అని ఒక సంస్థ ఉంది. అక్కడ అందరూ పీఎస్‌డీసీ అంటారు. 1989లో పెట్టారు. లాభాపేక్ష లేని సంస్థ.

దాని వెనక కథ కొంచెం చెప్పాలి. 1969లో పెనాంగుకు సుంకాలు లేని రేవు అనే హోదా పోయింది. వ్యాపారం దెబ్బతిని, కుర్రకారుకు పనుల్లేకుండా పోయాయి. అప్పటి ముఖ్యమంత్రి లిమ్ చోంగ్ యూ ఎలక్ట్రానిక్స్ కంపెనీలను పిలిచారు. 1972లో ఇంటెల్ తన మొట్టమొదటి విదేశీ కర్మాగారాన్ని అక్కడే తెరిచింది. ఏఎండీ, హ్యూలెట్ పాకార్డ్, హిటాచీ, బాష్ వంటివీ వచ్చాయి. మొదట్లో చేతిపని వస్తే చాలు. తర్వాత ఆటోమేషన్ వచ్చింది. మిషన్లను నడిపే, బాగుచేసే టెక్నీషియన్లు కావలసి వచ్చారు. వాళ్ళు చాలినంత మంది లేరు. ఒక కంపెనీ తర్ఫీదు ఇస్తే, ఇంకో కంపెనీ నాలుగు రింగిట్లు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోయేది. అలాంటప్పుడు ఖర్చు పెట్టి నేర్పేవాడెవడు?

అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం, కంపెనీలు, విద్యాసంస్థలు ఒక్కచోట కూర్చున్నాయి. ప్రభుత్వం చోటు చూపించింది. బజారులో పోటీపడే కంపెనీలే మిషన్లు, నేర్పేవాళ్ళను ఇచ్చాయి. ఏ కోర్సు పెట్టాలో, ఏది మానాలో తేల్చడంలో పరిశ్రమ మాటే ముందు. 1992లో వచ్చిన చట్టం కూడా తోడైంది. దాని కిందికి వచ్చిన యజమానులు జీతాల మొత్తంలో 1 శాతం ఒక నిధికి కట్టాల్సి వచ్చింది. తమ పనివాళ్ళకు శిక్షణ ఇప్పిస్తే ఆ నిధి నుంచి ఖర్చు తిరిగి రాబట్టుకునే వీలుండేది. నేర్పనివాడికే నష్టం అన్నమాట.

శిక్షణతోనే ఆగలేదు. చాలా చోట్ల ఎలక్ట్రానిక్ వస్తువు అమ్మాలంటే, దాని నుంచి వెలువడే తరంగాలు పక్క పరికరాల పనికి అడ్డు రావని పరీక్షించి చూపాలి. ఆ పరీక్షశాల కట్టుకోవడం చిన్న కంపెనీకి తలకు మించిన పని. పీఎస్‌డీసీలో అలాంటి ల్యాబు ఉంది. రుసుము కట్టి వాడుకోవచ్చు. కొత్త ఆలోచన ఉన్న చిన్నవాడికి ఇంతకంటే కావలసిందేముంది?

"అక్కడ ఇంటెల్ ఉంది, మనకేముంది?" అంటారేమో. మనకూ ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్ 1966 నాటిది. బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో పెట్టిన టూల్ డిజైన్ కేంద్రం ఉంది. పనివాళ్ళున్నారు, పని ఉంది. కొరవడింది షాపు యజమానులూ, నేర్పేవాళ్ళూ, ప్రభుత్వమూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం. అక్కడి వాళ్ళను పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు కావాలి. అది మనం చేయగలం.

మనం గుళ్ళకిస్తున్నాం, బడులకిస్తున్నాం. మంచిదే. ఇవాళ మిమ్మల్ని డబ్బు అడగడం లేదు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు మూడు రోజులు నాకివ్వండి. పది షాపులు తిరుగుదాం. ఏ మిషను ఖాళీగా ఉంది, ఏ పని చేతకాక ఆర్డరు వెనక్కిపోతోంది అని యజమానులను అడిగి రాసుకుందాం. వాళ్ళలో ఐదుగురైనా తమ మిషను మీద వారానికి ఒక పూట నేర్పడానికి ఒప్పుకుంటేనే మొదలుపెడదాం. లేకపోతే మానేద్దాం. ఇంకో గదికి తాళం వేసే ఓపిక నాకు లేదు.

పాత గది తాళంచెవి మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చేవాళ్ళు భోజనాల దగ్గర నాకు చెప్పండి. సెలవు.