ముఖారి ఏనాటి ముఖారి?

సాయంకాలము రేడియోలో అన్నమాచార్యుని సంకీర్తన యొకటి వినవచ్చును. పాటకు ముందు రాగము పేరు, తాళము పేరు చెప్పుదురు. పాట వినుచున్న మనకు ఆనందము కలుగును. అంతటితో మన పని తీరును. కాని సంగీతమున ఎం.ఏ. చదువు విద్యార్థికి అంతటితో తీరదు. ఈ వరుస ఎవరు కట్టిరి? ఎప్పుడు కట్టిరి? అందుకు ఆధారమేమి? అని అతడు అడుగవలెను. ఇట్లు అడుగ నేర్చుటయే పరిశోధన. అది పాట నేర్చుటకంటె సులభము కాదని మా అనుభవమున తెలిసినది. ఆ అనుభవమునే నేడు మనవి చేయుచున్నాము.

2012లో ఒక విద్యార్థిని మాయొద్దకు వచ్చి, అన్నమాచార్యుల సంగీతమును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసెదనన్నది. అన్నమాచార్యుడు 1408 మొదలు 1503 వరకు జీవించిన మహనీయుడు. వేలకొలది సంకీర్తనలు రచించినాడు. అది సముద్రము. చెంబుతో తోడిన తీరునది కాదు. “అమ్మా, విషయము వద్దు, ఒక్క ప్రశ్న తెమ్ము” అంటిమి. వారము దినములకు ఆమె ప్రశ్న తెచ్చినది: “రేకులపై ముఖారి యని యున్న కీర్తనలను ఆయన నేటి ముఖారిలోనే పాడెనా?”

చిన్న ప్రశ్నయే. కాని దానికై నలుగురు సాక్షులను విచారింపవలసి వచ్చినది.

మొదటి సాక్షి తిరుమల రాగిరేకు. దానిపై సాహిత్యము కలదు. పైన రాగము పేరు కలదు. కాని ఆ రాగమును ఎట్లు పాడవలెనో తెలుపు స్వరలిపి ఆ కీర్తనలకు లేదు. కావున రేకు పేరు మాత్రమే చెప్పి ఊరకుండును.

రెండవ సాక్షి లక్షణగ్రంథము. విజయనగర కాలమున రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రచించెను. అందు ముఖారి యనగా అన్నియు శుద్ధస్వరములు గల మేళము. తరువాతి శతాబ్దమున వేంకటమఖి చతుర్దండిప్రకాశికలోను మొదటి మేళము ముఖారియే. నేటి లెక్కలో ఆ స్వరములు కనకాంగికి చెందును. మన ముఖారియో, ఇరువదిరెండవ మేళమగు ఖరహరప్రియకు జన్యము. పేరు ఒకటే, స్వరములు వేరు!

ఇది చూచి ఆ అమ్మాయి సంతోషముతో “కావున అన్నమయ్య పాడినది కనకాంగి” అని వ్రాసికొని వచ్చినది. మేము ఆ వాక్యము కొట్టివేసితిమి. రామామాత్యుని గ్రంథము అన్నమయ్య గతించిన నలుబదియేడు ఏండ్లకు పుట్టినది. గ్రంథము స్వరస్థానములు చెప్పును. తిరుమలపై ఒక భక్తుని కంఠమున అవి ఎట్లు పలికెనో చెప్పదు. మనకు తేలినది ఇంతే: నేటి ముఖారియే నాటి ముఖారి యని అనుకొనుటకు వీలులేదు. ఆధారము ఎంతవరకు నడిపించునో అంతవరకే నడువవలెను. ఒక్క అడుగు అధికము వేయరాదు.

మూడవ సాక్షి అచ్చుపుస్తకము, గ్రామఫోను పళ్లెము. సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమున ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో, గమకముల గుర్తులతో వెలువడిన గొప్ప గ్రంథము. అయినను అది తన సంప్రదాయమునకు సాక్షియే గాని నాలుగు వందల ఏండ్ల వెనుకటి దానికి కాదు. పళ్లెముల సంగతియు అంతే. పాత పళ్లెమున ఒక ప్రక్క కొద్ది నిమిషములకు మించి పట్టదు. అందు ఆలాపన పొట్టిగా నున్నదని, ఆనాటివారు పొట్టిగానే పాడిరనరాదు. పళ్లెము తిరుగు వేగము మారిన శ్రుతియు మారును.

నాలుగవ సాక్షి గురుముఖము. ఆమె ఒక ముఖారి కీర్తనను చిన్ననాడు గురువుగారివద్ద నేర్చినది. ఆ వరుస పరంపరగా వచ్చినదని నమ్మినది. నిజము చెప్పవలెనన్న, మేమును తరగతిలో చాలకాలము అట్లే చెప్పితిమి. ఇప్పుడు ఆమెకు సంకటము పుట్టినది. ప్రశ్నించిన గురువునకు అపచారమగునేమో. ప్రశ్నింపక వ్రాసిన అసత్యమగునేమో. ఆమె కన్నీరు పెట్టుకొన్నది. “వరుస తప్పా అని అడుగవద్దు. ‘తమకు ఎవరు చెప్పినారండీ’ అని అడుగుము” అంటిమి.

ఎనుబదియేండ్లు దాటిన ఆ పెద్దలు నవ్వి, “ఎవరును చెప్పలేదమ్మా. నా ముప్పదవయేట ఒక కచ్చేరీకని నేనే కట్టుకొన్నాను. ఇన్నాళ్లు ఎవరును అడుగలేదు” అన్నారట. ఆమె ఆ మాటను ధ్వనిముద్రణము చేసి, తేదీ, స్థలము, వారి గురువుల పేర్లు వ్రాసికొన్నది. ఏడాది తిరుగకముందే ఆ పెద్దలు పరమపదించిరి. ఆమె అడుగకున్నచో, ఒక విద్వాంసుని స్వంతకల్పన పదునైదవ శతాబ్దపు వరుసగా గ్రంథమున కెక్కి, ఆయనకు దక్కవలసిన పేరు దక్కకుండ పోయెడిది. ఆమె ప్రశ్న గురువునకు అపచారము కాలేదు. ఆయనకు కడపటి దక్షిణ యైనది.

ఆమె వ్యాసమున అన్నమయ్య ఇట్లే పాడెనన్న తీర్పు లేదు. ఏది తెలియును, ఏది ఊహ, ఏది ఈ కాలపు కల్పన అను మూడింటిని వేరుపరచి చూపినది. పరిశోధన పద్ధతి యనగా మాకు తెలిసినంతలో ఇంతే.

శ్రోతలకు ఒక మనవి. మీ యింట తాతగారి పాటల నోటుపుస్తకమో, అమ్మమ్మగారు పాడు మంగళహారతియో ఉండవచ్చును. పుస్తకమును పాతకాగితములలో వేయకుడు. పాటను ముద్రించి, ఎవరివద్ద నేర్చినారో, ఏ యూరిలో, సుమారు ఏ సంవత్సరములో అడిగి ప్రక్కన వ్రాసి ఉంచుడు. రేపు ఒక విద్యార్థి వచ్చి మీ తలుపు తట్టవచ్చును. అప్పటికి పాడినవారు లేకున్నను, వారి మాట ఉండును.