పూసే మందు కాదు, కట్టే మందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. నా ఎడమకాలి పుండు సంగతి చెప్పమని కార్యదర్శిగారు పట్టుబట్టారు. వాసన వస్తుందేమోనన్న సిగ్గుతో రెండేళ్లు ఈ సభలకే రాలేదు. అందరూ షుగరు పుండన్నారు. నాకు షుగరు లేదు. పసుపు, వేపాకు, ఆయింట్‌మెంట్లు, ఒక క్లినిక్కులో నెలల తరబడి యాంటీబయాటిక్ మాత్రలు, అన్నీ అయ్యాయి.

చివరకు తిరుపతి రుయా ఆసుపత్రిలో సర్జనుగారు నన్ను నిలబెట్టి, పుండుకన్నా ముందు పిక్కమీద ఉబ్బిన నరాలను చూశారు. మన సేద్యగాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, కాలి సిరల్లో మోటారు ఫుట్‌వాల్వులాంటి కవాటాలుంటాయి. నడిచినప్పుడు పిక్క కండరం నొక్కి రక్తాన్ని పైకి పంపుతుంది, కవాటం దాన్ని కిందికి జారనివ్వదు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కించేది ఆ పిక్కే. కవాటం చెడితే రక్తం చీలమండ దగ్గర నిలుస్తుంది. వాపు, దురద, చర్మం నల్లబడటం, ఆపైన చిన్న గీత పడినా మానని పుండు. లోపల రక్తం నిలిచి ఉండగా పైన ఎన్ని పూసి ఏం లాభం?

వైద్యం బిగువు కట్టే. కాలివేళ్ల మొదలునుంచి మోకాలి కిందిదాకా పొరలు పొరలుగా కడతారు. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి, పైకి పోయేకొద్దీ తక్కువ. వారానికొకసారి మార్చేవారు. పడుకున్నప్పుడు కాలు గుండెకన్నా ఎత్తున పెట్టమన్నారు, నడక మానొద్దన్నారు. అయిదో నెలలో పుండు మూసుకుంది.

అయితే ఇంట్లో ఎవరికివారు ఈ కట్టు కట్టుకోరాదు. కట్టేముందు డాప్లరు పెట్టి చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూస్తారు. ధమనులు మూసుకున్న కాలికి బిగించి కడితే కాలే పోవచ్చు. షుగరున్నవారు, బీడీ సిగరెట్టు కాల్చినవారు మరీ జాగ్రత్త.

చెడిన సిరను లేజరుతో మూసే పద్ధతీ ఉంది. 2018లో ప్రకటించిన బ్రిటను పరిశోధనలో, కట్టుతోపాటు సిరను తొందరగా మూయించుకున్నవారిలో సగంమందికి 56 రోజుల్లో మానింది. ఆలస్యంగా చేయించుకున్నవారికి అది 82 రోజులు పట్టింది.

మానిన తర్వాత బిగువు మేజోడు వదలరాదు, వదిలితే పుండు మళ్లీ రావచ్చు. ఉదయం మంచం దిగకముందే తొడగాలి. ఈ వయసులో అదొక కుస్తీ, మొదట్లో మా ఆవిడ లేనిదే నావల్ల కాలేదు. చీలమండ నల్లబడినవారు సిగ్గుపడకుండా సభ ముగిశాక నా దగ్గరకు రండి, మేజోడు తొడిగే పద్ధతి చూపిస్తాను.