బొబ్బిలి వీణ: పాత వాద్యం మీద మోజెందుకు?

(కళింగపట్నంలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నారనగానే, వీడు డి.ఎ. బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మొదలెడతాడని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ముప్ఫై మూడేళ్ళు ట్రెజరీలో బిల్లులు చూసినవాడి దగ్గర ఇంకేముంటుంది? ఆ సంగతులు నా తరువాత మాట్లాడే మిత్రులు నాకంటే బాగా చెబుతారు. నేను వీణ గురించి రెండు ముక్కలు మనవి చేస్తాను. నాకు వీణ వాయించడం రాదు. మా ఇంట్లో వాయిస్తారు, నేను వింటాను. వినేవాడికి కూడా కొన్ని హక్కులుంటాయి కదా!

పోయినసారి సన్మానాలకు మనం చిన్న బొబ్బిలి వీణ బొమ్మలు జ్ఞాపికలుగా ఇచ్చాం. గాజు పెట్టెలో, యాళి ముఖంతో సహా చాలా ముచ్చటగా ఉన్నాయి. పుచ్చుకున్నవారిలో నలుగురైదుగురు తరువాత నన్నడిగారు: ఏమండీ, బొబ్బిలి వీణ, బొబ్బిలి వీణ అంటారు, తంజావూరు వీణకూ దీనికీ తేడా ఏమిటి, సంగీతం వాళ్ళు పాత వీణ దొరికితే కళ్ళకద్దుకుంటారెందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా, అని. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు మాటలూ.

మనం ఇక్కడినుంచి శ్రీకాకుళం వెళ్ళి, రాజాం మీదుగా బస్సు పట్టుకుంటే బొబ్బిలి చేరతాం. బొబ్బిలి అనగానే మనకు 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు, బుస్సీ ఫిరంగులూ గుర్తుకొస్తాయి. ఫిరంగుల మోత అయిపోయి రెండున్నర శతాబ్దాలు దాటింది. పక్కనున్న గొల్లపల్లిలో మాత్రం ఉలి చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. సర్వసిద్ధి వారి ఇంటిపేరు గలవారు అక్కడ తరతరాలుగా వీణలు చేస్తున్నారు. సంస్థానం ఉన్న రోజుల్లో ఆదరణ కోట నుంచి వచ్చేది. కోట పోయాక సంగీత కళాశాలలూ, కచేరీ విద్వాంసులూ, ఆ తరువాత ప్రభుత్వం వారి హస్తకళల దుకాణాలూ ఆ పాత్ర పోషించాయి.

బొబ్బిలి వీణకు ఉన్న పేరంతా ఏకాండి అన్న ఒక్క మాటలో ఉంది. అంటే కుండ, దండి వేరువేరుగా చేసి అతికినవి కావు. ఒకే పనస దుంగలోంచి తొలిచి తీసినవి. పైన మూసే పలకలు మాత్రం వేరు. మెడ చివర యాళి. ఎడమ పక్కన ఆనపకాయ బుర్ర. ఈమధ్య బుర్రలు ఫైబరువీ, కాగితపు గుజ్జువీ కూడా వస్తున్నాయి. మెట్లు 24, అంటే స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. తంత్రులు ఏడు. నాలుగు వాయించేవి, పక్కనున్న మూడు తాళానికి, శ్రుతికి. ఈ 24 మెట్ల ఏర్పాటును పదిహేడో శతాబ్దంలో తంజావూరు పాలించిన రఘునాథ నాయకుడి కాలానికి ముడిపెడతారు. ఆయనా మన తెలుగు ప్రభువే. కాబట్టి తంజావూరు వీణ, బొబ్బిలి వీణ అని మనం పోటీ పెట్టుకోవడంలో అర్థం లేదు. అక్కడ కుండ, దండి, యాళి విడిగా చేసి అతికే పద్ధతి ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఏకాండి అక్కడా చేస్తారు, ఇక్కడ మాత్రం దాన్నే ఇంటి గుర్తుగా నిలబెట్టుకున్నారు.

అతుకు లేకపోతే ఏమిటి లాభం? తంత్రి మీటిన కదలిక బ్రిడ్జి మీదుగా పలకలోకి, కుండలోకి, అక్కడినుంచి దండిలోకి పాకుతుంది. మధ్యలో జిగురు అతుకు అడ్డు తగలకపోతే నాదం ఎక్కువసేపు నిలుస్తుందని వైణికులు చెబుతారు. అతుకు సరిగా ఉంటే తేడా పెద్దగా తెలియదనేవారూ ఉన్నారు. నా చెవికి తేడా తెలుస్తుందని ప్రమాణం చేసి చెప్పలేను గాని, మా ఇంటావిడకు తెలుస్తుంది. ఆవిడ పుట్టింటివారిచ్చిన వీణ ఏకాండి. బరువు మాత్రం బరువే! ఒకసారి బదిలీలో లారీ మీద సామాను దించేటప్పుడు బుర్ర పగిలింది. దండికి గీత కూడా పడలేదు.

వీణ నాదంలో ఆ జిగి ఎక్కడినుంచి వస్తుందన్నది పరిశోధించినవారు మనకు చాలా దగ్గరివారే. సర్ సి.వి. రామన్ గారు. తండ్రిగారు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో పనిచేసినందువల్ల ఆయన బాల్యం, చదువు చాలావరకు విశాఖలో జరిగాయి. 1921లో ఆయన భారతీయ తంత్రీ వాద్యాల మీద ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. మామూలుగా తంత్రిని ఒక బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినిపించకూడదని పాశ్చాత్య శాస్త్రం. తంబురాలోనూ, వీణలోనూ అవి శుభ్రంగా వినిపిస్తున్నాయే అని ఆయన పట్టుకున్నారు. కారణం బ్రిడ్జి. వీణ బ్రిడ్జి కత్తి అంచులా ఉండదు. పైన లోహపు రేకు కొంచెం వంపుగా, వెడల్పుగా ఉంటుంది. కదిలే తంత్రి ఆ వంపును ఒరుసుకుంటూ ఉంటుంది. ఆ ఒరిపిడిలోంచే ఆ అనుస్వరాలన్నీ పుడతాయి. చూడండి, ఈ వంపు ఎంత ఉండాలో ఏ పుస్తకమూ చూడకుండా, చెవితో విని ఆకురాయితో దిద్దుకున్న పనివాడు రామన్ గారికంటే ఎన్నో తరాల ముందే ఉన్నాడు.

ఇక పాతదాని మీద మోజు సంగతి. ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో జాజ్ సంగీతం వాయించేవాళ్ళకి ట్రంపెట్ ముఖ్యమైన వాద్యం. మన పెళ్ళి బ్యాండ్లలో చూసిన బాకా వంటిదే. అక్కడ ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరుంది. మనకు గొల్లపల్లి ఎలాగో, ఇత్తడి వాద్యాలకు వాళ్ళకి ఆ ఊరు అలాగ. అక్కడి మార్టిన్ అనే కంపెనీ, రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే రోజుల్లో 'కమిటీ' అనే పేరుతో ఒక ట్రంపెట్ తయారుచేసింది. వాద్యకారుల సంఘం ఒకటి కూర్చుని సలహాలిచ్చిందనీ, అందుకే ఆ పేరనీ చెబుతారు. (కమిటీ వేస్తే మంచి పని కూడా జరుగుతుందనడానికి మన సంఘం వారు దీన్ని ఉదాహరణగా వాడుకోవచ్చు.) మైల్స్ డేవిస్ వంటి మహా విద్వాంసుడు దాన్ని వదలలేదు. చెట్ బేకర్, డిజ్జీ గిలెస్పీ కూడా దాన్ని వాయించినవాళ్ళే. ఆ కంపెనీ చేతులు మారింది, ఆ పాత పని ఆగిపోయింది. అయినా జాజ్ వాళ్ళు యాభై, అరవై ఏళ్ళ నాటి ఆ ట్రంపెట్లు వెతికి కొనుక్కుంటూ వచ్చారు.

ఎందుకట? సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించేవాడికి స్వరం గూట్లో పెట్టినట్టు కచ్చితంగా నిలబడాలి. పక్కన ఎనభై మంది ఉంటారు, జారితే కుదరదు. జాజ్ వాడికి స్వరాన్ని కొంచెం వంచాలి, కిందినుంచి జార్చి పైకి తీసుకువెళ్ళాలి. మార్టిన్ ట్రంపెట్ స్వరాన్ని అంత గట్టిగా బిగించి పట్టుకోదు, ఊదేవాడి పెదవికి లొంగుతుంది. ధ్వని కూడా మిరుమిట్లు గొలపకుండా, కాస్త మసక వెలుతురులా ఉంటుంది. అది సింఫనీ వాడికి లోపం, జాజ్ వాడికి ప్రాణం.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే వీణ మెట్టు గుర్తొచ్చింది. మన సంగీతంలో గమకం లేకపోతే రాగం లేదు. వైణికుడు మెట్టు మీద తంత్రిని పక్కకు లాగి, ఒక్క మెట్టు దగ్గరే రెండు మూడు స్వరాలు పలికిస్తాడు. దానికి మెట్టు ఎత్తు, తంత్రి బిగువు, రెండింటి మధ్య ఎడం అన్నీ కుదరాలి. అందుకే మెట్లను మేకులతో బిగించరు, మైనంలో నిలబెడతారు. తేనెమైనం, గుగ్గిలం, మసి కలిపి కరిగించి, దండికి రెండు పక్కలా గట్టులా పోసి, ఒక్కొక్క మెట్టునీ చెవితో విని కూర్చోబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. వైణికుడి వేళ్ళను బట్టి, శ్రుతిని బట్టి మళ్ళీ మార్చుకోవచ్చు. ఎండాకాలం మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, అప్పుడు మళ్ళీ కట్టించుకోవాలి. తలనొప్పి పనే. కాని ఆ తలనొప్పి లేకుండా మెట్లను గట్టిగా బిగించేస్తే, వాద్యం ఒక్కరి చేతికే కుదిరి మిగతావారికి కుదరదు.

అయితే పాతదన్నదల్లా గొప్పదేనా? ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఇటలీలో స్ట్రాడివేరియస్ అనే ఆయన సుమారు మూడు వందల ఏళ్ళ క్రితం చేసిన వయొలిన్లకు కోట్ల ధర పలుకుతుంది. 2010లో అమెరికాలోనూ, 2012లో ప్యారిస్ దగ్గరా నల్లటి కళ్ళద్దాలు పెట్టించి, వెలుతురు తగ్గించి మంచి వయొలినిస్టుల చేత పాతవీ కొత్తవీ వాయించి చూపించమన్నారు. ఎక్కువమంది కొత్త వయొలిన్‌నే మెచ్చుకున్నారు. ఏది పాతదో, ఏది కొత్తదో నమ్మకంగా చెప్పలేకపోయారు. కనుక వయసుకు మహిమ ఏమీ లేదని నా అభిప్రాయం. మంచి చెక్క, ఆరిన చెక్క, చెవి ఉన్న పనివాడు, ఈ మూడూ ఉంటే నిన్న చేసిన వీణ కూడా మోగుతుంది. పాత వీణల్లో ఈ మూడూ ఉన్నవే ఇంతకాలం మిగిలాయి, లేనివి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. పాతవన్నీ మంచివనిపించడానికి సగం కారణం అదే.

అయితే ఇప్పుడు కొరత ఆ మూడింటికే.

చెక్క సంగతి మన జిల్లావాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. ఏకాండి వీణకు నాలుగడుగుల పైచిలుకు పొడవు, కుండ పట్టేంత లావు ఉన్న ముదురు పనస మాను కావాలి. అతికే వీణకైతే చిన్న చిన్న దుంగలు సరిపోతాయి. పనస మాను అంత లావెక్కడానికి ఒక మనిషి ఉద్యోగ జీవితమంత కాలం పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానం మీద పడ్డప్పుడు కొబ్బరి, జీడిమామిడితో పాటు తాతల నాటి పనస చెట్లు కూడా ఎన్నో వేళ్ళతో పెకలించుకుపోయాయి. మర్నాడు వాటి వైపు చూసిన మనందరికీ అది పళ్ళ నష్టంగానే కనిపించింది. వాటిలో ఎన్ని వీణలు పడిపోయాయో లెక్కకట్టే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు.

చెవి సంగతి. విజయనగరంలో 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు, ఆ తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఘంటసాల, సుశీల గార్లు అక్కడ చదివినవారేనని మనకందరికీ తెలుసు. వీణ విద్వాంసులకు కూడా ఆ సంస్థానం పెట్టింది పేరు. వీణ వెంకటరమణదాసు గారు ఆ ఆస్థానం వారే. పిఠాపురం ఆస్థానంలో ఉన్న సంగమేశ్వరశాస్త్రి గారి వీణ విని రవీంద్రనాథ్ టాగూర్ శాంతినికేతన్‌కు రప్పించుకున్నారు. ఆ తరువాతి కాలంలో ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు వీణను సినిమా పాట వినే జనం దగ్గరకు కూడా తీసుకువెళ్ళారు. వాయించేవాడు వచ్చి, ఇది సరిగా లేదు, ఈ మెట్టు దగ్గర గమకం రావడం లేదు అని పోట్లాడితేనే చేసేవాడి చెవి పదునెక్కుతుంది. పోట్లాడే గిరాకీ తగ్గితే ఏమవుతుంది?

జ్ఞాపికలు అవుతుంది. గొల్లపల్లి పనివారికి ఇప్పుడు బొమ్మ వీణల గిరాకీయే ఎక్కువ. అవి త్వరగా తయారవుతాయి, మిగిలిన చెక్క ముక్కలు సరిపోతాయి, సభలకూ సన్మానాలకూ డజన్ల లెక్కన ఆర్డర్లు వస్తాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చి పదేళ్ళు దాటింది. దానివల్ల పేరు పెరిగింది, బొమ్మల అమ్మకం కూడా పెరిగింది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఇంటి ఖర్చు బొమ్మ వల్ల గడుస్తున్నప్పుడు, నెల పైగా ఒక్క దుంగ మీద కూర్చునే ఓపిక కుర్రవాళ్ళకు ఎక్కడినుంచి వస్తుంది? బొమ్మ వీణకు శ్రుతి అక్కరలేదు. దాన్ని చేసే చేతికి ఉలి పట్టు వస్తుంది, మేళం కట్టే చెవి రాదు.

అందుకని కార్యవర్గానికి నా మనవి ఒకటుంది. బొమ్మలు కొనడం మానెయ్యమని నేననను, అది వాళ్ళ పొట్ట మీద కొట్టినట్టవుతుంది. ఈ ఏడాది జ్ఞాపికల సొమ్ములో కొంత తీసి, మన సభ్యుల ఇళ్ళలో మూలన పడి ఉన్న వీణలు రెండో మూడో గొల్లపల్లి పంపి మేళం కట్టిద్దాం. బాగైన వాటిని వీణ నేర్చుకునే పేద పిల్లలకు ఏడాదేసి చొప్పున వాడుకోవడానికి ఇద్దాం. అటక మీద వీణ ఉన్నవారు, ముఖ్యంగా అక్కచెల్లెళ్ళు, ఇవాళే కార్యదర్శి గారికి పేరివ్వండి. పాత సామాన్లవాళ్ళు హాల్లో అలంకారం కోసం కావాలని బేరమాడతారు, తొందరపడి ఇచ్చెయ్యకండి. చీలిన దండి తప్ప తక్కినదంతా బాగుపడుతుంది. మన కళింగపట్నం ఉప్పుగాలికి తంత్రులు తుప్పుపడతాయని భయపడనక్కరలేదు. వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, గుడ్డ గౌసెను తొడిగి ఉంచండి. గోడకు, కిటికీకి దూరంగా పెట్టండి. తంత్రులు మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. నా తరువాత విజయనగరం నుంచి వచ్చిన అమ్మాయి వీణ వాయిస్తుంది. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది ఏకాండి వీణ, వాళ్ళ అమ్మమ్మ గారిది. శ్రుతి చూసుకోవడానికి కొంచెం సేపు పడుతుంది, అంతవరకూ మాట్లాడుకోకుండా ఉండండి. వేదిక దగ్గరున్న ఆ రెండు ఫ్యానులూ కాసేపు ఆపించవలసిందిగా కోరుతున్నాను.