కళాశాలను చూడబోయే రోజు

(ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)



పాఠశాల చరిత్రను గూర్చి చెప్పగల పెద్దలు ఈ వేదికమీద పలువురున్నారు. నేను ఒక చిన్న విషయానికే పరిమితమవుతాను. మన పిల్లలు పైచదువులకు ఎక్కువగా బెంగుళూరు వెళ్తున్నారు. చేర్చే ముందు ఒకనాడు తల్లిదండ్రులు వారిని వెంటబెట్టుకొని కళాశాలను చూచి వస్తారు. ఆ ఒక్క రోజును సద్వినియోగం చేసుకోవడం ఎట్లా అన్నదే నా ప్రసంగ విషయం.

మా నాన్నగారు గనిలో పనిచేసేవారు. ఒకరోజు జీతం వదులుకొని నన్ను బెంగుళూరు తీసుకొనిపోయారు. అది రెండవ శనివారం, కళాశాలకు సెలవు. కావలివాడు దయదలచి గేటు తెరిస్తే రాతిమెట్లూ స్తంభాలూ చూచి, మురిసిపోయి తిరిగివచ్చాము. జూన్‌లో చేరిన తరువాత గాని అసలు సంగతి తెలియలేదు. వసతిగృహంలో చోటు లేదు. ప్రయోగశాల తరగతి ముగిసే వేళకు మా బండి వెళ్ళిపోతుంది. మూడేళ్ళపాటు ప్రయోగం సగంలో వదలి స్టేషనుకు పరుగెత్తాను. ఇందులో కళాశాలవారి తప్పేమీ లేదు. మేము అడుగలేదు, అంతే.

కనుక పనిదినాన వెళ్ళండి. ముందుగా ఫోను చేసి మరీ వెళ్ళండి. ప్రయోగశాల నడుస్తూ ఉండగా చూడండి. పరికరాలు విద్యార్థుల చేతుల్లో ఉన్నాయా, అద్దాల బీరువాలో ఉన్నాయా అన్నది గుమ్మంలో నిలబడితేనే తెలుస్తుంది. గ్రంథాలయంలో ఒక పుస్తకం తీసి, వెనుక అతికించిన కాగితం మీద చివరి తేదీ ఎప్పటిదో చూడండి. ఫీజుల పట్టిక ఎట్లాగూ ఇస్తారు. అందులో లేని ఖర్చులేవో రెండో సంవత్సరం విద్యార్థిని అడగండి. కార్యాలయంలో దొరకని జవాబులు క్యాంటీనులో దొరుకుతాయి.

"రోజూ బండిలో పోయివస్తాడు లెండి" అని మనవాళ్ళు తేలికగా అంటారు. 1894లో బౌరింగుపేట నుంచి ఇక్కడికి రైలుమార్గం పడింది. ఆ బౌరింగుపేటే నేటి బంగారుపేట. 2001లో గనులు మూతబడిన తరువాత బెంగుళూరు బండే ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్నది. అయినా దూరం సుమారు వంద కిలోమీటర్లు. చూడబోయేటప్పుడు కారు మాట్లాడుకొని వెళ్ళి, చదివేటప్పుడు పిల్లవాణ్ణి రైలెక్కించడం న్యాయం కాదు. ఏ బండిలో పోవలసి ఉంటుందో ఆ బండిలోనే వెళ్ళండి. సాయంకాలం రద్దీలో, అవసరమైతే నిలబడే, తిరిగి రండి. ఇంటికి చేరిన తరువాత పుస్తకం తెరిచే ఓపిక మిగిలిందా అని చూసుకోండి. హాస్టలు కావాలో వద్దో ఆ రాత్రే తేలిపోతుంది.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు అక్కడ నోరు పెగలదు. నాకూ పెగలలేదు. వారికి ఒక సంగతి చెప్పండి. 1965లో మన గనుల్లో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, విశ్వకిరణాల వలన వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకొన్నారు. బొంబాయి టాటా పరిశోధన సంస్థవారూ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయాలవారూ అందుకోసం మన ఊరికి వచ్చారు. అంతటివారు వెదుక్కొంటూ వచ్చిన ఊరి పిల్లలు ప్రశ్న అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లీషు తడబడితే తడబడనీయండి. వారి బదులు మీరు మాత్రం మాట్లాడకండి.

ఇక నగరం. కళాశాల చూచి, చీరల దుకాణానికి పోయి, బండెక్కడం మన ఆచారం. (చీరలు వద్దనడం లేదు, ఇంటికి వెళ్ళి మాట పడలేను.) ఒక్క పూట మాత్రం కబ్బన్ పార్కు వైపు నడవండి. అక్కడి కేంద్ర గ్రంథాలయంలో కాసేపు కూర్చోండి. ప్రక్కనే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉన్నది. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి అప్పట్లో మన కోలారు జిల్లాలోనిదే. పూర్వికులది మోక్షగుండం. ఆయనా పల్లె నుంచి బెంగుళూరు చేరి, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకొంటూ సెంట్రల్ కళాశాలలో చదివినవారే. అక్కడి యంత్రాల నడుమ మరో మాట కూడా చెప్పండి. శివనసముద్రం నుంచి విద్యుత్తు 1902లో మన గనులకు వచ్చింది. బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో.

1909లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌వారు ఏడాదికొకసారి తమ ప్రయోగశాలలను అందరికీ తెరిచి చూపుతారు. సాధారణంగా అది మార్చి నెలలో ఉంటుంది. పరీక్షల కాలమే, నిజమే. పదో తరగతి దాకా ఆగకుండా ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో తీసుకొనిపోతే ఆ చిక్కు ఉండదు.

ఆ మధ్య మా మనుమరాలితో రెండు కళాశాలలు చూడబోయాను. నా అనుభవమంతా రంగరించి పదిహేను ప్రశ్నలు రాసి చేతికిచ్చాను. అన్నీ మర్యాదగా అడిగింది. చివరన హాస్టలు పిల్లను ప్రక్కకు పిలిచి, నా కాగితంలో లేనిది ఒకటి అడిగింది. రాత్రి గ్రంథాలయం మూసిన తరువాత హాస్టలు దాకా దారిలో దీపాలుంటాయా అని. మొదటి చోట ఆ పిల్ల నవ్వి ఊరుకొన్నది. రెండో చోట, తొమ్మిదింటికి అందరం కలిసి నడిచి వస్తామని చెప్పి, వెంటబెట్టుకొనిపోయి ఆ దారి చూపింది. తిరుగు బండిలో నా అభిప్రాయం చెప్పకుండా బిగబట్టుకొని కూర్చున్నాను. మాలూరు దాటిన తరువాత తానే చెప్పింది, "తాతయ్యా, రెండోదే" అని.