రిప్లీ కూతురి పుట్టినరోజు: ‘ఏలియన్స్’లో కత్తిరించేసిన సీన్

ఈ ఎపిసోడ్‌లో దాదాపు ఒకే ఒక్క సీన్ గురించి మాట్లాడుకుందాం. స్పాయిలర్స్ బోలెడు ఉంటాయి, ముందే చెప్తున్నా. ‘ఏలియన్’ సిరీస్ చూడనివాళ్లు వీడియో ఆపేసి, సినిమాలు చూసి రండి. నేనెక్కడికీ పోను.

1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ గుర్తుంది కదా. అందులో స్పేస్‌షిప్ కంప్యూటర్ పేరు ‘మదర్’. ఆ అమ్మకి సిబ్బంది ప్రాణాలు ముఖ్యం కాదు. ఆ జీవిని భద్రంగా తెమ్మన్న కంపెనీ ఆర్డరే ముఖ్యం. ఇంకోపక్క ఒక మగాడి ఛాతీ చీల్చుకుని పిల్ల బయటికొస్తుంది. అంటే కనడం, పెంచడం అనేవి ఈ సిరీస్‌లో మొదట్నుంచీ భయపెట్టే విషయాలే.

ఇప్పుడు 1986కి వద్దాం. జేమ్స్ కామెరాన్ ‘ఏలియన్స్’. హీరోయిన్ రిప్లీ 57 ఏళ్లు గాఢనిద్రలో తేలుతూ ఉండిపోయి, అప్పుడే లేచింది. థియేటర్లలో వచ్చిన సినిమా 137 నిమిషాలు. తర్వాత వచ్చిన స్పెషల్ ఎడిషన్ 154. నేను చెప్పే సీన్ ఆ కలిపిన భాగంలో ఉంది.

రిప్లీ ఒక తోటలో బెంచీ మీద కూర్చుని ఉంటుంది. చెట్లు, ఎండ, అంతా ప్రశాంతం. కానీ అది తోట కాదు, గోడంత స్క్రీన్. కంపెనీ మనిషి బర్క్ వస్తాడు. ఆమె అడిగేది ఒకటే: నా కూతురి సంగతి తెలిసిందా? వాడు కాసేపు నీళ్లు నమిలి, ఒక ఫోటో చేతిలో పెడతాడు. ఫోటోలో ముసలావిడ. అమాండా, 66వ ఏట పోయింది, తల్లి తిరిగి రావడానికి రెండేళ్ల ముందే. పదకొండో పుట్టినరోజుకి ఇంటికొచ్చేస్తానని రిప్లీ ఆ పిల్లకి మాటిచ్చి వెళ్లింది.

ఇంకో సంగతి తెలుసా? ఆ ఫోటోలో ఉన్నది రిప్లీగా చేసిన సిగర్నీ వీవర్ సొంత అమ్మ, ఎలిజబెత్ ఇంగ్లిస్. తెరమీద కూతురి కోసం ఏడుస్తున్న నటి చేతిలో ఉన్నది వాళ్లమ్మ ఫోటో అన్నమాట. ఈ సీన్ తీసేయడం వీవర్‌కి అస్సలు నచ్చలేదు. నాకూ నచ్చలేదు, నన్నెవరూ అడగలేదనుకోండి.

ఎందుకంటే ఈ సీన్ లేకపోతే రిప్లీ ట్రామా అంటే రాక్షసి ఒక్కటే. రాత్రిళ్లు ఛాతీ పట్టుకుని కెవ్వుమని లేస్తుంది, ఎంక్వైరీలో ఎవరూ నమ్మరు, లైసెన్స్ కూడా పీకేస్తారు. ఇదంతా రెండు వెర్షన్లలోనూ ఉంది. కానీ కూతురి సీన్ ఉంటే ఆమెని తినేస్తున్నది ఇంకోటి కూడా అని తెలుస్తుంది. ఇచ్చిన మాట తప్పింది. అందులో ఆమె తప్పేమీ లేదు, అయినా తప్పింది. కలలోంచి మెలకువ వస్తుంది, దీన్నుంచి రాదు.

తర్వాత న్యూట్ దొరుకుతుంది. అమ్మానాన్నా పోయి, గొట్టాల్లో ఒంటరిగా దాక్కుని బతికిన పిల్ల. చేతిలో తల మాత్రమే మిగిలిన బొమ్మ. నీ బొమ్మకి పీడకలలు రావు చూడు అని రిప్లీ సముదాయించబోతే, అది ప్లాస్టిక్ కాబట్టి రావు అంటుంది న్యూట్! ట్రామా చూసిన పిల్లలకి కబుర్లు పనిచేయవు. ఇంకా అడుగుతుంది, అమ్మ లోపల అలాంటిదే పెరిగిందా, మనుషుల పిల్లలు కూడా అలాగే లోపల పెరుగుతారు కదా అని. రిప్లీ దగ్గర సరైన జవాబు ఉండదు. నీకు పిల్లలున్నారా అని అడిగితే ఒక పాప ఉండేదంటుంది. ఈ పాప మాట కూడా థియేటర్ వెర్షన్‌లో లేదు. నిన్ను వదిలి వెళ్లను అని న్యూట్‌కి మాటిస్తుంది.

కొంతమంది అంటారు, ఆడది హీరో కావాలంటే పిల్లని కాపాడాల్సిందేనా అని. న్యాయమైన ప్రశ్నే. థియేటర్ వెర్షన్ చూస్తే నాకూ అదే డౌట్, ఎవరి పిల్లో కనబడగానే తల్లి మనసు పొంగిందన్నట్టు ఉంటుంది. స్పెషల్ ఎడిషన్‌లో అలా కాదు. చివర్లో అంతా పేలిపోబోతుంటే ఆయుధాలు కట్టుకుని ఒక్కతే కిందికి దిగేది, రెండోసారి మాట తప్పలేక.

కిందేముంది? గుడ్లు పెడుతున్న రాణి. ఆమె కూడా తల్లే. రిప్లీ మంటల గన్ గుడ్లవైపు తిప్పగానే రాణి తన సైన్యాన్ని వెనక్కి పంపిస్తుంది. ఒక్క క్షణం ఇద్దరు తల్లుల మధ్య ఒప్పందం కుదిరినట్టే. ఇంతలో ఒక గుడ్డు విచ్చుకుంటుంది, రిప్లీ అన్నీ తగలబెట్టేస్తుంది. ఆ తర్వాత రాణి వెంటపడితే, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి అని నాకు కొంచెం జాలేస్తుంది.

బర్క్‌ని మర్చిపోకండి. కూతురు పోయిందన్న కబురు తెచ్చినవాడే, రిప్లీ, న్యూట్ నిద్రపోతుంటే ఆ జీవుల్ని గదిలోకి వదిలి తలుపు వేయిస్తాడు. వాళ్ల కడుపులో పెట్టి చెకింగ్ లేకుండా దాటించాలని ప్లాన్. మొదటి సినిమాలో ‘మదర్’ చేసిన పనే, ఈసారి నవ్వు మొహంతో.

ఇక 1992లో డేవిడ్ ఫించర్ ‘ఏలియన్ 3’. మొదట్లోనే న్యూట్ చచ్చిపోతుంది. ఫ్యాన్స్‌కి ఇప్పటికీ మంటే. చాలా క్రూరం, ఒప్పుకుంటా. కానీ ఆ పిల్ల శరీరానికి పోస్ట్‌మార్టం చేయమని పట్టుబట్టేది రిప్లీయే, లోపల ఏదైనా ఉందేమోనని. పక్కన నిలబడి చూస్తుంది కూడా. తీరా చూస్తే ఉన్నది తన లోపలే, ఒక రాణి. చివరికి కొలిమిలోకి దూకుతుంది. థియేటర్ వెర్షన్‌లో పడిపోతూ ఉండగా అది ఛాతీ చీల్చుకుని వస్తే, రెండు చేతులతో గుండెకి అదుముకుంటుంది. తప్పించుకోకుండా పట్టుకుందా, ఎత్తుకుందా? నేనైతే ఇంకా తేల్చుకోలేదు, మీకేమనిపించిందో కామెంట్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.